గడియారాలాయన క్రియాటినిన్

బీరువా ఒంట్లో ఎన్ని బాధలున్నా, అతన్ని నిలువునా కాల్చుకు తిన్నది మాత్రం గడియారాలాయన క్రియాటినిన్.

బీరువా అంటే మనిషే. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే పని అతనిది. లిఫ్టు లేని ఇంటికి ఒకసారి ఇనప బీరువాని ఒక్కడే వీపు మీద వేసుకుని ఎక్కించాడు. అప్పట్నుంచి తోటివాళ్ళు ఆ పేరే ఖాయం చేశారు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి ఎడమ కిడ్నీలో క్యాన్సరు గడ్డ లేచింది. ఆస్పత్రిలో పక్క మంచం మీద గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. ఆయనకీ అదే జబ్బు, అదే ఆపరేషను. ఇద్దరికీ చెరో కిడ్నీ తీసేసి చెరోటి మిగిల్చారు. పక్కపక్కన పడి మూలిగీ మూలిగీ ఇద్దరికీ చుట్టరికం కుదిరిపోయింది. వయసులో పెద్దవాడు కాబట్టి ఆయన అన్నయ్య, ఆయన భార్య వదిన.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. మూడు నెలలకోసారి ఇద్దరూ ఒకే రోజు రక్తపరీక్షకి రావాలి. క్రియాటినిన్ అనే చెత్త రక్తంలో చేరుతుందనీ, దాన్ని కిడ్నీ బయటికి తోసేస్తుందనీ, అంకె పెరుగుతోందంటే మిగిలిన ఒక్క కిడ్నీ కూడా చేతులెత్తేస్తున్నట్టనీ నర్సు చెప్పింది. మరీ పెరిగితే మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటూ బతకాలట. ఆ మాటే బీరువాకి కంటిమీద కునుకు లేకుండా చేసింది. వారం వారం మిషను దగ్గర పడుండే మనిషిని లారీ మీదికి ఎవరు రానిస్తారు? మోత పోతే ఇక తనకి ఏం మిగులుతుంది?

మొదటిసారి బీరువాది ఒకటిన్నర, గడియారాలాయనది ఒకటి. పోనీలే అనుకున్నాడు. తర్వాతసారి తనది ఒకటి పాయింట్ ఆరుకి ఎక్కితే ఆయనది పాయింట్ తొమ్మిదికి దిగింది. అప్పుడు కడుపులో భగ్గుమంది. ఇదెక్కడి న్యాయం? తను పుట్టి బుద్ధెరిగాక సిగరెట్టు ముట్టలేదు. ఆ మహానుభావుడేమో ఆపరేషను ముందురోజు కూడా మెట్ల కింద దాక్కుని కాల్చాడు. నాలుగడుగులు వేస్తే రొప్పుతాడు. అలాంటివాడి కిడ్నీ కొత్త పెళ్ళికొడుకులా ఉంటే తనది ముసలిదైపోవడమేమిటి?

దానికి తోడు వదిన. ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని రిపోర్టు కాగితం వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించేది. ఫస్టు మార్కులు తెచ్చుకున్న పిల్లవాడి తల్లి కూడా అంత మురిసిపోదు. బీరువా పళ్ళికిలించి సంతోషం వదినా అనేవాడు. లోపల మాత్రం ఆ అంకె ఒక్కసారి ఎగబాకాలనీ, ఆవిడ మొహం వాడిపోతే కళ్ళారా చూడాలనీ కోరుకునేవాడు. కోరుకుని సిగ్గుపడ్డాడా అంటే, అబ్బే, లేదు. ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఆ ఏడుపు తగ్గేది కాదు.

ఒకనాడు భార్య నోరు జారి, ఆయన ఏం తింటున్నారో కనుక్కోకూడదా అంది. కంచం విసిరికొట్టి లేచిపోయాడు. లేచిపోయాడేగానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. మర్నాటినుంచి మాంసం మానేశాడు, గుడ్డు మానేశాడు, రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బరువులెత్తితే కిడ్నీ అరుగుతుందని తనకి తనే తీర్పు చెప్పేసుకుని, లారీ పక్కన నిలబడి తాళ్ళు చుట్టే పని పట్టాడు. గడియారాలాయన అంతే కదా, పిట్టంత తింటాడు, స్క్రూ కంటే బరువైంది ఎత్తడు. చూస్తుండగానే బీరువా చొక్కాలు వేలాడిపోయాయి. బీరువా పోయి స్టూలు మిగిలిందని తోటివాళ్ళు నవ్వారు. నవ్వుకోండి అనుకున్నాడు.

ఈసారి అంకె ఒకటి పాయింట్ రెండుకి దిగింది. బీరువా కాలు నేల మీద ఆనలేదు. కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి దర్జాగా వెళ్ళాడు. ఆవిడ కాగితం పక్కన పెట్టి మనిషిని చూసింది. జబ్బ పట్టుకుని నొక్కింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేవబోయి తూలాడు. ఆవిడ ఇంకో రకం రక్తపరీక్ష రాసి, ఆ మధ్యాహ్నమే అది వచ్చాక మళ్ళీ పిలిపించింది.

"మీ కిడ్నీ బాగుపడనూ లేదు, చెడిపోనూ లేదు. మొదట్నుంచీ ఒక్కలాగే పనిచేస్తోంది. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. మీకు కండ ఎక్కువ కాబట్టి అంకె కాస్త ఎక్కువ ఉండేది. ఇప్పుడు కండ కరిగించుకున్నారు, అంకె తగ్గింది. ఎవరు చెప్పారు మీకీ వైద్యం?"

ఎవరూ చెప్పలేదన్నాడు. కడుపునిండా తిని, నెమ్మదిగా మళ్ళీ పనిలోకి వెళ్ళమని చెప్పింది. మోత పోదన్నమాట. ఎగిరి గంతెయ్యాల్సినవాడు తలుపు దగ్గర ఆగిపోయాడు. ఏమీ మానకుండానే ఒకరికి అంకె అలా పడిపోతూ ఉంటే ఏమిటండీ అని అడిగాడు. అయితే ఆ మనిషికి కండ ఎందుకు పోతోందో చూడాలి అందావిడ.

వరండాలో గడియారాలాయన ఒక్కడే ఉన్నాడు. వదిన మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడింది. ఇన్నాళ్ళూ ఆయన చేతిలోని కాగితాన్నే చూసిన బీరువా ఇవాళ ఆ చేతిని చూశాడు. గడియారం మణికట్టు దగ్గర నిలవక మోచేతి దాకా జారిపోతోంది. కణతలు లోపలికి పోయాయి. కుళ్ళుతో కళ్ళు మూసుకుపోయి ఇదేదీ ఇదివరకు కనపడలేదు.

"పాయింట్ ఆరు," అన్నాడు గడియారాలాయన. "నీదెంత?"

బీరువా పక్కన కూలబడ్డాడు. అన్నయ్యా, ఒకసారి డాక్టరమ్మతో మాట్లాడండి, ఆ అంకె అంత మంచిది కాదేమో అని నసిగాడు.

"తెలుసురా. ఊపిరితిత్తుల్లోకి పాకింది. స్కానింగుకి ఒక్కణ్ణే వచ్చి వెళ్ళాను." ఆయన కౌంటరు వైపు చూశాడు. "మీ వదినకి ఇంకా చెప్పలేదు. చెబుతాను, కాస్త ధైర్యం రానీ. అప్పటిదాకా అది నీ మొహం చూసి బతుకుతోంది."

"నా మొహమా?"

"ఇంటికెళ్ళాక ఏమంటుందో తెలుసా? మరిది మొహం మాడిపోయింది చూశారా, అతనంత కుళ్ళుకుంటున్నాడంటే మీరు బాగున్నట్టే అంటుంది. ఆ పూట కాస్త తిండి తింటుంది."

బీరువా చెవులు కాలిపోయాయి. అంత జాగ్రత్తగా దాచుకున్న ఏడుపు వీళ్ళింట్లో రోజూ మాట్లాడుకునే విషయమన్నమాట.

"ఇంకొన్నాళ్ళు నామీద ఏడువు," అన్నాడు గడియారాలాయన. "నాకా సాయం చెయ్యి."

అంతలో వదిన మందుల సంచీతో వచ్చేసింది. పాయింట్ ఆరు, విన్నావా మరిదీ అంది. బీరువా మొహం మాడ్చుకోవాలని చూశాడు. ఇన్ని నెలలుగా అడక్కుండానే వచ్చిన ఆ మొహం ఇప్పుడు చస్తే రాలేదు. వదిన నవ్వు ఆపి అతనివంకే చూస్తోంది. బీరువా గాభరాగా ఆయన వైపు తిరిగాడు. చావు ఊపిరితిత్తుల్లో కూర్చునుంటే ఆ మనిషి భార్య సంచీ అందుకుంటూ హాయిగా నవ్వుతున్నాడు. అంకె కాస్త ఎక్కిందని తనేమో ఇంట్లో కంచాలు విసిరాడు. ఈ బక్కప్రాణికి ఇంత గుండె ఎక్కణ్ణుంచి వచ్చింది, తనకెందుకు లేదు అనుకునేసరికి కడుపులో మళ్ళీ భగ్గుమంది. మొహం దానంతటదే మాడిపోయింది.

"మీకేం వదినా," అన్నాడు. "అదృష్టవంతులు."

వదిన ముసిముసిగా నవ్వుకుంటూ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.