మైకు వాన్ ఎవరిచ్చారు?

ఈ చట్టం రాసిన పెద్దమనుషులకు సిగ్గుండాలి! ఎన్నికల విరాళాలు దాచిపెడితే సంతకం పెట్టినవాళ్ళకు జైలట, ఆ సంతకం పెట్టించుకుని గెలిచినవాడికి పదవట. ఏ మొహం పెట్టుకుని రాశారయ్యా?

నర్సు ఉద్యోగం చేసుకునే ఆ చెల్లెలు చేసిన పనల్లా విరాళాల లెక్కల మీద సంతకం పెట్టడమే. కౌన్సిలర్‌గా నిలబడ్డ అన్న "విరాళాలు చూసే మనిషి ఒకరుండాలట, ఇంటి మనిషివి నువ్వైతే నాకు ధీమా" అంటే కాదనలేకపోయింది. ఇప్పుడు విచారణ గది బయట బెంచీ మీద అన్న పక్కన కూర్చుంది.

ప్రచారానికి తిరిగిన మైకు వాన్‌ను రోడ్ల కాంట్రాక్టరు కంకర బాబు ఉచితంగా ఇచ్చాడు. ఉచితంగా ఇచ్చినా విరాళమే, లెక్కల్లో చూపించి తీరాలి. వీళ్ళు చూపించలేదు. పొరపాటైతే జరిమానా, తెలిసి దాస్తే జైలు. జైలంటే నర్సు ఉద్యోగానికీ నీళ్ళొదులుకోవడమే.

"మర్చిపోయానని ఒక్క ముక్క అనెయ్, చెల్లీ," అన్నాడు అన్న గుసగుసగా. "జరిమానా నేను కడతాగా."

"మర్చిపోయానా? వాన్ సంగతి రాయాలిగా అంటే 'అది నేను చూసుకుంటా, నువ్వు సంతకం కానియ్' అన్నదెవరు?"

"అబ్బ, మెల్లగా! నా పదవి ఊడితే నీకేం ఒరుగుతుంది? రేపు అమ్మ మొహం ఎలా చూస్తావ్?"

"జైల్లో చూడనిస్తార్లే. నువ్వే వెంటబెట్టుకురా."

అంతలో లోపలినుంచి నర్సుకు పిలుపొచ్చింది. అన్న బెంచీకి అతుక్కుపోయాడు.

ఎన్నికల అధికారిణి కళ్ళజోడు పైకి తోసుకుంది. "వాన్ ఎందుకు చూపించలేదు?"

"మర్చి..." అనబోయింది నర్సు.

"ఆ వాన్ మా వీధిక్కూడా వచ్చేదమ్మా. సెలవు రోజున కునుకు తీయనిస్తేగా! 'మా అన్నయ్యకే మీ ఓటు' అని మైకులో అరిచిన గొంతు మీదేగా? రోజూ ఎక్కిన వాన్‌ని మర్చిపోయారా?"

ఆమెకు బజారు రోడ్డు కళ్ళముందు మెదిలింది. అన్న గెలిచిన నెలకే బజారు రోడ్డు పని కంకర బాబుకు దక్కింది. వాడు తవ్వి వదిలేసిన గోతుల్లో పడి కాళ్ళు విరిగినవాళ్ళకు ఆస్పత్రిలో కట్లు కట్టింది ఈ చేతులతోనే.

"మర్చిపోలేదు మేడమ్. వాన్ కంకర బాబుది. అన్నయ్య చూసుకుంటానంటే, రాయలేదని తెలిసీ నోరు మూసుకుని సంతకం పెట్టాను."

అధికారిణి కలం ఆగింది. "ఇది రాస్తే మళ్ళీ వెనక్కి తీసుకోలేరు."

"రాయండి. నా తప్పుకి నాకు శిక్ష వేయండి. నా ఒక్కదాని పేరు రాసి ఫైలు మూస్తే మాత్రం ఊరుకోను."

ఆమె లేచి విసురుగా తలుపు తీసింది. బెంచీ మీద అన్న మొహంలో నెత్తురుచుక్క లేదు.

"లోపలికి రా అన్నయ్యా. వాన్ ఎవరిచ్చారో, బదులుగా నువ్వేమిచ్చావో ఈ కుర్చీలో కూర్చుని చెప్పు. మేడమ్, కంకర బాబునీ పిలిపించండి. ముగ్గురి పేర్లూ పడేదాకా నేనిక్కణ్ణించి కదలను. రాయండి, ఇప్పుడే!"