పులుసు బాగుందన్న మాట

చిన్నారావు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటాడు. భార్య వరలక్ష్మమ్మ వడ్డిస్తుంది, మాట్లాడుతుంది, మళ్లీ వడ్డిస్తుంది. ఆయన తింటాడు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే తల ఊపుతాడు. అది అవునో కాదో ఆ బ్రహ్మకే తెలియాలి.

పాపం, ఆయన తప్పేమీ లేదు. బతుకంతా భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ ప్లేట్ మిల్లులో పని. ఆ మోతలో నోరు దండగ కాబట్టి అక్కడ అందరూ మనసులోంచి మనసులోకే మాట్లాడుకునేవారు. కొత్తగా చేరినవాడికి ఆర్నెల్లలో పట్టుబడేది. నోరు కట్టేసుకోవాలి, అంతే. రిటైరై వైశాలి నగర్‌లో ఇళ్లు కట్టుకున్నా ఆ బ్యాచికి అలవాటు పోలేదు. వరలక్ష్మమ్మ నోరు కట్టేసుకునే మనిషి కాదు. అందుకే ఆవిడకి ఒక్క ముక్కా వినపడేది కాదు.

ఓ రోజు ఆ బ్యాచిలోని రాజాబాబు స్క్రూడ్రైవర్ అడగడానికి వచ్చాడు.

"వదినా, నిన్న సేపల పులుసు అదిరిపోనాదంట గదా!"

"నీకెవులు సెప్పేరు?"

"అన్నే. తిన్నంతసేపూ ఒకటే పొగడ్త. మా అందరికీ నోరూరిపోనాది. ఇదేటి కొత్తా? పెళ్లయిన కొత్తలో నువ్వు పచ్చచీర కట్టుకున్నావని షిఫ్టంతా మమ్మల్ని పని సెయ్యనిచ్చాడా!"

వరలక్ష్మమ్మ మొగుడి ముందుకెళ్లి నిలబడింది.

"ఏటయ్యా, భిలాయంతా సెప్పుకున్నావు, నాకు తప్ప! నానేటి, పరాయిదాన్నా? ఇన్నేళ్లూ గోడకి వడ్డించీనాను గదా!"

చిన్నారావు నోరు తెరిచాడు. తుప్పుపట్టిన గేటు చప్పుడొచ్చింది గానీ మాట రాలేదు.

"పక్కూరు కుమ్హారిలో మా అన్నున్నాడు. ఎల్లిపోతన్నాను. ఇంక రాను."

అన్నదంటే చేసే మనిషి. సంచి పట్టుకుని వీధిలోకెళ్లి ఆటో ఎక్కింది.

"కహాఁ జానా హై, అమ్మా?" అని ఎక్కడికెళ్లాలో అడిగాడు ఆటోవాడు. ఆవిడ చెయ్యి చూపించింది. కోపం ముదిరి జీవితంలో మొదటిసారి వరలక్ష్మమ్మ నోరు మూతపడింది. పవర్ హౌస్ సెంటర్ దాటాక మనసు లోపల మొగుడి గొంతు వినపడింది.

"మోకాలి నూనె మర్చిపోయింది. వాళ్లింట్లో అన్ని మెట్లు ఎలాగెక్కుతాదో. వరం, నువ్వు లేకపోతే నాను బతకలేనే."

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. నోరు పెగల్లేదు, మనసే బదులిచ్చింది.

"ఆ ముక్క నోటితో సెప్పడానికి ఏటి రోగం నీకు!"

ఆ కేకకి అక్కడ వైశాలి నగర్‌లో రాజాబాబు చేతిలోని టీ గ్లాసు కిందపడింది. మిగతావాళ్లు తలలు పట్టుకున్నారు. ఆటో వెనక్కి తిరిగింది. ఇల్లు చేరేదాకా ఆవిడ తిట్లు ఆపలేదు.

అప్పట్నుంచీ వరలక్ష్మమ్మ నోరు మూసుకునే మాట్లాడుతోంది. ఆ లైన్‌లో ఇంకెవరికీ సందు దొరకదు. గతిలేక చిన్నారావు నోటితో మాట్లాడటం మొదలుపెట్టాడు. కంచం ముందు చాలాసేపు తంటాలుపడి, చెమటలు కక్కి, "బాగుంది," అన్నాడు.

"ఏటీ? వినబళ్లేదు. మళ్లీ సెప్పు," నోరు మెదపకుండానే అంది వరలక్ష్మమ్మ.