ప్యాకెట్టు నూనె, కబూలా కొసరు

మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది కాబట్టి నేను ఎదుగుతున్న మధ్యతరగతి అని ఎరాస్తో తేల్చాడు. ఆ ఫ్రిజ్ చచ్చి రెండేళ్ళయింది. ఎలుకలు దూరలేవని మొక్కజొన్న పిండి అందులో పెడుతున్నాను. ఆ సంగతే చెప్పబోయాను.

"పనిచేస్తుందా అన్న ప్రశ్న ఇందులో లేదక్కా. ఉందా, లేదా, అంతే," అన్నాడు చేతిలోని టాబ్ మీద వేలు ఆడిస్తూ.

సరే, ఎదిగాను.

ఎరాస్తో నూనె కంపెనీ మనిషి. దార్-ఎస్-సలామ్ నుంచి సరస్సు ఒడ్డునున్న మా మ్వాంజా దాకా వచ్చి, రాళ్ళగుట్ట మీదున్న మా పేటలో ఇల్లిల్లూ ఎక్కి దిగుతున్నాడు. దేశం ఎదుగుతోందట, ఆడవాళ్ళ చేతుల్లోకి డబ్బు వస్తోందట, ఆ డబ్బు ఎటు పోతోందో కంపెనీకి అంతుపట్టడం లేదట. మాకూ అంతుపట్టడం లేదన్నాను. నవ్వలేదు. రాసుకున్నాడు.

అక్కడితో నేను నోరు మూసుకుంటే బాగుండేది. కానీ నేను కామర్స్ డిగ్రీ చదివాను. పెళ్ళయిన ఈ పదమూడేళ్ళలో ఆ డిగ్రీని ఎవరూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. మా ఆయన చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి అడిగేది ఉప్పు ఎక్కడుందని. ఇన్నాళ్ళకి అడిగేవాడు దొరికాడు. వదిలిపెట్టలేదు.

"లీటరు సీసా మా పేటలో ఎవరూ కొనరు బాబూ. ఇంట్లో లీటరుంటే లీటరూ అయిపోతుంది. చుట్టాలొస్తారు, పక్కింటావిడ గిన్నె పట్టుకొస్తుంది. అందుకే ఏ పూటకాపూట కొలిపించుకుంటాం. సాయంత్రం నాలుగు దాటాక. అదీ కబూలా దగ్గర."

"ఆవిడ దగ్గరే ఎందుకక్కా? చవకా?"

"చవకా పాడా! లెక్కేస్తే మీ సీసా కన్నా ఖరీదే. కొసరు వేస్తుంది."

కొసరు గురించి అరగంట చెప్పాను. టమాటా గుజ్జు డబ్బాకి తీగతో పిడి కట్టిన కొలత ఆవిడది. డబ్బా నిండా పోశాక, మన మొహం చూసి ఇంకాస్త వంచుతుంది. జ్వరంతో పిల్లాడున్న ఇంటికి కాస్త ఎక్కువ. బాలింతకి నలభై రోజులూ దాదాపు సగం డబ్బా. పలకరించకుండా గిన్నె చాపిన దానికి ఒక్క చుక్క. ఆ చుక్కతో దానికి బుద్ధొస్తుంది. అంతా చెప్పి, చెప్పింది చాలక స్వయంగా తీసుకెళ్ళాను.

కబూలా నాకన్నా పదేళ్ళు పెద్దది. భర్త సరస్సులో పోయాక, దారి మలుపులో ఉన్న ఆ చెక్కబల్ల మీదే ముగ్గురు పిల్లల్ని సాకింది.

"ఎవరితను? పన్నువాడా?" అంది, ఎరాస్తో బూట్ల వంక చూస్తూ.

"కాదక్కా. మన గురించి తెలుసుకుందామని వచ్చాడు."

"తెలుసుకుని ఏం చేస్తాడంట?"

"మంచి కుర్రాడే. నాదీ పూచీ."

"నువ్వు చెప్తే సరేలే. చూసుకో నాయనా, డబ్బాకి చిల్లేం లేదు."

ఎరాస్తో ఆ సాయంత్రమంతా గీతల గ్లాసు పెట్టుకుని కొలిచాడు. పదిమందికి పోసిన కొసరు సగటు తీస్తే డబ్బాలో ఐదో వంతు తేలింది.

"అంటే అమ్మా, ఐదు డబ్బాలకి ఒకటి ఊరికే పోస్తున్నారు," అన్నాడు.

"ఊరికేంటి? పోయినేడు నేను మంచాన పడితే ఈ బల్ల దగ్గర కూచుని అమ్మిపెట్టిందెవరనుకున్నావ్? ఆ కొసరు తిన్నవాళ్ళే!"

ఎరాస్తో టాబ్ కేసి చూశాడు. దానికి ప్రశ్న లేదు కాబోలు, రాసుకోలేదు.

నాలుగు నెలలకి ప్యాకెట్టు దిగింది. నారింజ రంగు. సరిగ్గా డబ్బాడు నూనె, సరిగ్గా డబ్బా ధర. మీద లావుపాటి అక్షరాలతో 'కొసరుతో సహా' అని ఉంది. మొదటి నెల ఒకటి కొంటే ఒకటి ఉచితం. మొదటి వారం పరీక్షిద్దామని కొన్నాను. రెండో వారం కూడా పరీక్షించాను. పేటంతా నాలాగే పరీక్షల్లో పడింది.

కబూలా పీపాలో నూనె కదలక ముక్కవాసన వేసింది. పీపాని ఎవరికో సబ్బులకి ఇచ్చేసింది. అప్పుడొచ్చాడు ఎరాస్తో, దేవుడిలాగా. ఆ బల్ల మీద వాళ్ళ ప్యాకెట్లే అమ్ముకోవచ్చన్నాడు. ఒక్కటే షరతు: సీలు తెంచకూడదు. బల్లకి నారింజ రంగు వేసి వెళ్ళాడు.

కొన్నాళ్ళకి ఉచితం ఆగింది. ఇంకొన్నాళ్ళకి ప్యాకెట్టు సన్నబడింది. 'కొసరుతో సహా' అన్న అక్షరాలు మాత్రం లావు తగ్గలేదు.

ఆ రోజుల్లోనే మా కింద వరసలో ఉండే పెలాజియాకి కొడుకు పుట్టాడు. పదకొండో రోజున, పంపడానికి ఇంట్లో మరో మనిషి లేక, బిడ్డని కాంగా గుడ్డలో కట్టుకుని తనే వచ్చింది. నేనక్కడే ఉన్నాను. కబూలా ప్యాకెట్టు అందించింది. డబ్బు తీసుకుంది. చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయింది. ఇంకో ప్యాకెట్టు తీసి, మూల పంటితో చింపి, సగం పెలాజియా గిన్నెలో వంచింది.

"అక్కా, తెంచకూడదన్నారుగా?" అన్నాను.

"బాలింతని వట్టి ప్యాకెట్టుతో పంపమంటావా? ఆ పసివాడు నా బల్ల వంక చూసి ఏమనుకుంటాడే?"

మిగతా సగం పాత డబ్బాలో పోసి సాయంత్రం కొలిచి అమ్మింది. మర్నాడు జ్వరం పిల్లాడి తల్లొచ్చింది. ఇంకో ప్యాకెట్టు చిరిగింది. వారం తిరిగేసరికి కబూలా బల్ల దగ్గర మళ్ళీ కబుర్లు, ఎకసెక్కాలు, గిన్నెల చప్పుడు. ప్రాణం లేచొచ్చింది అందరికీ.

ఆ వారమే నాకు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. ఎరాస్తో ఇచ్చుంటాడు నంబరు. సన్నగొంతు పిల్ల, తేనె పూసినట్టు మాట్లాడింది.

"మేడమ్, మీ పేటలో మా నూనె ఎలా అమ్ముడవుతోంది?"

"నీ నూనెదేముంది తల్లీ, మా కబూలా చెయ్యి చెప్పుకోవాలి! మీరు సీలేసి పంపిన దాంట్లోంచి కూడా కొసరు తీస్తుంది."

"భలే! ఎలా తీస్తారు మేడమ్?"

చెప్పాను. పంటితో చింపడం అభినయించి మరీ చెప్పాను, ఫోనులో కనబడదని తెలిసీ. ఆ పిల్ల విరగబడి నవ్వింది. నా మాటలకి అంతగా నవ్వినవాళ్ళు ఈ మధ్యకాలంలో లేరు.

మూడో రోజు బండి వచ్చింది. ప్యాకెట్లన్నీ ఎక్కించారు. "సీలు తెంచి అమ్మితే కల్తీ కింద లెక్కమ్మా. నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు ఎరాస్తో, రెండు చేతుల్తో పెట్టె మోస్తూ. కంపెనీ బోర్డు కింది వీధిలో కొట్టువాడికి వెళ్ళింది. కబూలాకి ప్యాకెట్లూ లేవు, పీపా కొనే స్తోమతా లేదు.

ఆడవాళ్ళం చుట్టూ చేరాం. కబూలా నారింజ రంగు బల్లని గోటితో గీకుతూ చాలాసేపు కూచుంది. తర్వాత తలెత్తి నన్నే అడిగింది. చదువుకున్నదాన్ని కదా.

"ఎవరు చెప్పుంటారే చెల్లీ? తిట్టడానిక్కాదు. ఎందుకు చెప్పావమ్మా అని అడుగుదామని, అంతే."

నోరు తెరిచాను. నిజమే చెబుదామని తెరిచాను. పదకొండు మంది నా మొహం వంక చూస్తున్నారు.

"ఇంకెవరక్కా," అన్నాను. "పెలాజియా నోట్లో నువ్వుగింజ నానదుగా."

కబూలా గోట్లో ఇరుక్కున్న నారింజ రంగు దులుపుకుంది. "బాలింత... పిచ్చిది," అని లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడు సరస్సు ఒడ్డున కూలికి చేపలు ఎండబెడుతోంది.

పేటలో పెలాజియాతో ఎవరూ మాట్లాడటం లేదు. ఎందుకో ఆ పిల్లకి ఇంతవరకూ తెలియదు. నేనొక్కదాన్నే వెళ్ళి పలకరిస్తాను, బిడ్డని కాసేపు ఎత్తుకుంటాను. దాంతో పేటలో నాకు పెద్దమనసున్న మనిషని పేరొచ్చింది.