మిగిలిన రెండు పేజీలు

నేను పిల్లల కోసం రాసిన నవల అచ్చుకు వెళ్ళే రోజే తెలంగాణ బంద్ పడింది. సాయంత్రం నాలుగులోగా దిల్‌సుఖ్‌నగర్ ప్రెస్సులో ప్రూఫు మీద సంతకం పెట్టాలి. లేకపోతే మిషన్ మీదికి నోటుపుస్తకాల పని ఎక్కుతుంది, నా పుస్తకం నెల వెనక్కి పోతుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, నెలంటే భయం.

ఎల్బీనగర్ నుంచి నడిచే పోతానంటే, పై వాటాలో ఉండే ఇంద్రాణి కూడా చెప్పులు తొడుక్కుంది. వాళ్ళది గుంటూరు. వాళ్ళాయన విజయవాడకు బదిలీ అడిగాడని విన్నప్పటి నుంచి ఈమె కూడా వెళ్ళిపోతుందేమోనని నాకు దిగులు.

"నువ్వెందుకు బిడ్డా, పరేషాన్ అయితవు," అన్నాను.

"మీరు చదువు నేర్చుకుంది బస్సుల బోర్డులు చూసి. ఇవాళ బస్సుల్లేవు, దారి తప్పిపోతారు పిన్నిగారూ."

చైతన్యపురి దగ్గర నిరసనగా నడిరోడ్డు మీదే వంటావార్పు. ఉద్యమం పాటలు, పొగ, పెద్ద పెద్ద గిన్నెలు. గరిట పట్టుకున్న ఒకామె మమ్మల్ని ఆపింది.

"గింత ఎండల యాడికవ్వా?"

"నా పుస్తకం అచ్చైతుంది. సంతకం పెట్టనీకి పోతున్న."

"రాసిన చెయ్యి ఖాళీ కడుపుతోని పోతదా? కూసోన్రి."

ఇంద్రాణి నోరు విప్పలేదు. మాట వింటే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుందని బెరుకు. విస్తట్లో పప్పు పడగానే మరిచిపోయి, "కొంచెం చాలండి," అంది.

ఆమె గరిట ఆపి చూసింది. నా చేతిలో ముద్ద ఆగిపోయింది.

"గుంటూరోళ్ళా? అయితే మా కారం మీకు ఆనదు," అంటూ ఇంకో గరిటెడు వేసింది.

ప్రెస్సు షట్టరు సగం దించి ఉంది. ఒంగి లోపలికి దూరాం. ప్రెస్సు యజమాని చక్రపాణి ప్రూఫు చేతికిచ్చాడు. మొదటి కాగితం మీద నా పేరు: ఎలీశమ్మ. వేలితో తడిమాను. మళ్ళీ తడిమాను.

"ఫారానికి పదహారు పేజీలమ్మా. ఆరు ఫారాలంటే తొంభై ఆరు. మీ కథ తొంభై నాలుగుకే అయిపోయింది. మిగిలిన రెండు పేజీల్లో కోచింగ్ సెంటర్ ప్రకటన వేసేస్తాను," అన్నాడు.

తొంభై నాలుగో పేజీలో నా కథలోని పిల్ల సింధు సామాన్ల లారీ ఎక్కి ఊరు విడిచి పోతుంది. స్నేహితురాలు మేరీ గేటు పట్టుకుని నిలబడుతుంది. అంతే. నేను సాగనంపినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. అమ్మ, హాస్టలుకు పోయిన చెల్లె, నా పెనిమిటి. రావడం ఎట్లా ఉంటుందో తెలియక అక్కడే ఆపేశాను.

"ప్రకటన వద్దు. రెండు పేజీలు రాసిస్త."

గోడ గడియారం రెండున్నర చూపించింది. "నాలుగు దాటితే నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు.

కాగితం కట్టల మీద కూర్చుని రాశాను. ఇంద్రాణి పక్కనే కూర్చుని ఒక్కో వాక్యమూ చదివింది. బంద్ రోజున సింధు నడిచి వస్తుంది. రోడ్డు మీద అన్నం వండుతున్నారు. మేరీ వడ్డిస్తూ తలెత్తుతుంది. వేళ్ళకింకా పప్పు వాసన.

చక్రపాణి నిలబడే చదివాడు. తనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నాలుగుకు పది నిమిషాలుండగా చివరి పేజీ నా ముందు పెట్టాడు. పెన్ను పట్టుకుని ఇంద్రాణి వైపు తిరిగాను.

"నువ్వు పోతవా బిడ్డా?"

"ముందు సంతకం పెట్టండి పిన్నిగారూ," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పోయినా నడిచొచ్చే దారి మీరే రాశారుగా."

పెట్టాను.