ముప్పై ఆరేళ్ళ దత్తపుత్రుడు

సైదులు ప్రాణానికి సాయంత్రం ఐదు గంటల దాకా గడువు ఉంది. ఆ గడువు పెట్టింది డాక్టరు సోమయాజులు. పెట్టినప్పుడు గోడ గడియారంలో పదకొండు కొట్టింది.

“గజ్జల్లోకి పేగు జారి ఇరుక్కుంది. ఐదు దాటితే కుళ్ళిపోతుంది. అది కుళ్ళితే మనిషి దక్కడు. ఇప్పుడే మత్తిచ్చి కోసేస్తాను. కాగితం మీద వేలిముద్ర ఎవరు వేస్తారు?”

బల్ల మీద కాళ్ళు ముడుచుకొని పడుకున్న సైదులు తన అన్న మారయ్య వైపు చూశాడు. మారయ్య సైదులు భార్య యాదలక్ష్మి వైపు చూశాడు. యాదలక్ష్మి మత్తు సీసా వైపు చూసి కళ్ళు మూసుకుంది.

“కొయ్యుండ్రి సారూ,” అన్నాడు మారయ్య. “మత్తు ఒక్కటి వద్దు.”

“మత్తు లేకుండా కోయడానికి వీడు దోసకాయా?”

“మత్తిస్తె మా ఇంటోళ్ళు లేస్తలేరు సారూ. మా పెద్దబాపు చెయ్యి ఇరిగితె అతుకుదామని మూతి మీద మత్తు జాలీ పెట్టిన్రు. అర్ధగంటల ఒళ్ళు పెనం లెక్క కాలి, కట్టెలెక్క బిర్రబిగిసి పోయిండు. మా బాపుకు మెడ మీద గడ్డ. ఆయన గూడ గట్లనే.”

“మా గోపమ్మక్క…” అని సైదులు మూలుగుతూ ఏదో చెప్పబోయాడు.

“నువ్వు ఊకో. పెయ్యి అలుస్తది,” అన్నాడు మారయ్య.

సోమయాజులు కాకినాడ వైపు నుంచి వచ్చి నల్లగొండలో చిన్న దవాఖాన పెట్టి ఎనిమిదేళ్ళయింది. 1962 నాటికి ఆయన చేతి మీదుగా నాలుగు వందల ఆపరేషన్లు జరిగాయి. అన్నీ ఈథర్ మత్తుతోనే. వెన్నులో సూది పొడిచి నడుము కింది భాగాన్ని మొద్దుబార్చే పద్ధతి ఆయనకు తెలుసు. ఆ మందు బీరువాలో ఉంది కూడా. కాని ఆయనకు ఆ పద్ధతంటే చిరాకు. అలా పొడిపించుకున్నవాళ్ళు నిద్రపోరు. మెలకువగా పడుకొని ఆపరేషన్ ఎలా చెయ్యాలో సలహాలిస్తారు.

“ఇద్దరూ ఏదో జ్వరంతో పోయి ఉంటారయ్యా,” అన్నాడాయన. “పోనీ, మీ వంశంలో ఇలా ఇంకెవరైనా పోయారా? సరిగ్గా ఆలోచించి చెప్పు.”

మారయ్య ముఖం వెలిగింది. ఈ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. పదేళ్ళ క్రితం ఇంకో డాక్టరు ఇదే అడిగితే జవాబు తెలియక నీళ్ళు నమిలాడు. ఈసారి జవాబును లారీలో వెంట తెచ్చుకున్నాడు.

“దశరథం! లోపటికి రా!”

దశరథం లోపలికి వచ్చాడు. ఒక చేతిలో తంబూర, ఇంకో చేతిలో గజ్జెలు. ప్రతి ఏడూ కోతలయ్యాక వచ్చి మారయ్య ఇంటివాళ్ళైన సల్లకుండల వారి వంశాన్ని ఏడు తరాల నుంచి పాడి, ధాన్యం కట్టించుకుపోవడం అతని కులవృత్తి. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎట్లా పోయారో అతని గొంతులో తప్ప ఇంకెక్కడా రాసి లేదు.

“ఏ తరం నుంచి ఎత్తుకోను సారూ?”

“పాడతావా? నోటితో చెప్పవయ్యా!”

“చెప్తె మతికి రాదు సారూ. పాడితెనే వస్తది.”

సోమయాజులు గడియారం చూశాడు. దశరథం తంబూర మీటాడు. మూలపురుషుడు ఎల్లయ్య పుట్టాడు, పెరిగాడు, పులిని చంపాడు. రెండో తరంలో కరువొచ్చింది. మూడో తరంలో ఎడ్లు పోయాయి, మళ్ళీ దొరికాయి. ఐదో తరం దగ్గరికి వచ్చేసరికి కాంపౌండరు ఏసోబు మత్తు జాలీకి గుడ్డ చుట్టడం ఆపి తాళం వేస్తున్నాడు. వరండాలోని రోగులు గుమ్మం దాకా జరిగారు. బల్ల మీద సైదులు నొప్పిని పళ్ళ బిగువున పట్టి, తన ముత్తాత పెళ్ళి ఘట్టం దగ్గర తల ఊపాడు.

పాట పన్నెండున్నరకు ముగిసింది.

“ఇద్దరే సారూ,” అన్నాడు దశరథం. “వీళ్ళ పెద్దబాపు, వీళ్ళ బాపు. గా ఇంటిపేరు మోసెటోళ్ళకు మత్తు పడది. ఇంటిపేరు మార్చితె గండం దాటుతది.”

“ఎట్ల మారుస్తం?” అన్నాడు మారయ్య.

“దత్తతకు ఇయ్యి. దత్తు పోయినోడు మన ఇంటోడు గాడు. నా పాటల నుంచి తీసేస్త. నా పాటల లేనోడు సల్లకుండలోడు ఎట్లయితడు?”

గదిలో అందరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు, డాక్టరు తప్ప.

“వాడికి ముప్పై ఆరేళ్ళు! పెళ్ళయింది! మీసాలున్నాయి! చట్టం ఒప్పుకోదు!”

“చట్టం సంగతి నాకెర్క లేదు సారూ. పాట ఒప్పుకుంటది.”

ఇప్పుడు కావలసింది తల్లి. సొంత కులం కావాలి, ఇంటిపేరు వేరై ఉండాలి, కొడుకులు ఉండకూడదు. అదీ రెండు గంటల్లోపల. మారయ్య వరండాలోకి ఉరికి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. “అవ్వా, నీకు కొడుకున్నడా? పెద్దమ్మా, మీరు ఏమిటోళ్ళు?” కన్నుకు కట్టు కట్టుకున్న ఒకామె తిట్టింది. దగ్గుతున్న ఇంకొకామె తనకు ఆరుగురున్నారనీ, కావాలంటే ఇద్దరిని తనే ఇస్తాననీ అంది.

చివరి బల్ల మీద ఈదమ్మ కూర్చొని ఉంది. అరవై ఏళ్ళు, పిడికెడు మనిషి. సొంతూరు తిరుమలగిరి. పానగల్లులో చెల్లెలింటికి వచ్చి బావి దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. భర్త పోయి ఇరవై ఏళ్ళు. పిల్లలు లేరు. కులం కలిసింది. ఇంటిపేరు కట్టెకోల.

“కొడుకు కావాల్నా అవ్వా?” అన్నాడు మారయ్య.

ఈదమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. “నువ్వా?”

“నేను గాదు, నా తమ్ముడు. బంగారం అసుంటోడు. గీ పొద్దు జర పానం బాగలేదు.”

“తాగుతడా?”

“పండుగలకే.”

“పెండ్లాం మంచిదేనా?”

యాదలక్ష్మి కొంగు కప్పుకొని నిలబడింది. ఈదమ్మ ఆమెను చూసి, “తీసుకరాండ్రి,” అంది.

దత్తతంటే బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టాలి. సైదులు రెండు బస్తాల మనిషి. నలుగురు కలిసి బల్లతో సహా మోసుకొచ్చి ఈదమ్మ పక్కన దించారు. మొత్తం మనిషిని పెడితే తల్లి మిగలదని దశరథం తేల్చాడు. తల పెడితే చాలన్నాడు. సైదులు తల ఈదమ్మ ఒళ్ళో పెట్టారు. ఏసోబు పసుపు లేదని టింక్చరు బుడ్డి తెచ్చాడు. దశరథం దాన్ని సైదులు నుదుటన బొట్టుగా దిద్ది, సల్లకుండల పాటలోంచి సైదులును తీసేస్తున్నట్టు మూడుసార్లు పాడాడు. మారయ్య ఏడ్చాడు.

“నొస్తాందా బిడ్డా?” అంది ఈదమ్మ.

“నొస్తాందమ్మా,” అన్నాడు సైదులు. ఆ పిలుపు వినగానే ఈదమ్మ కట్టు కట్టిన చేతిని మరిచిపోయి అతని తల నిమరబోయి, “అబ్బా” అని వెనక్కి తీసుకుంది.

మూడున్నర. సైదులును బల్లతో సహా మళ్ళీ లోపలికి చేర్చారు. సోమయాజులు చేతులు కడుక్కున్నాడు. జాలీ సిద్ధం. సీసా సిద్ధం. ఏసోబు కాగితం తెచ్చాడు. మారయ్య బొటనవేలు చాచాడు.

“ఆగు,” అన్నాడు దశరథం. “నువ్వు ఇచ్చేసినోనివి. నీకేం హక్కుంది? తల్లి వెయ్యాలె.”

కాగితం ఈదమ్మ ముందుకు వచ్చింది.

“ఏం రాసిన్రు? సదువు.”

ఏసోబు చదివాడు. “నా కుమారుడు సైదులునకు ఈథర్ అను మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేయుటకు సమ్మతము. ఏమి జరిగినను డాక్టరు గారి బాధ్యత లేదు.”

ఈదమ్మ బొటనవేలు పిడికిట్లోకి పోయింది.

“నేను వెయ్య.”

“అవ్వా!” అన్నాడు మారయ్య.

“సల్లకుండలోళ్ళ గోపమ్మ మా తిరుమలగిరి కోడలే. మా పక్కిల్లే. కడుపు కోసి బిడ్డను తియ్యాల్నని దవాఖానకు తోల్కపోతె తోడు పోయింది నేనే. గీ జాలీనే పెట్టిన్రు. పానం పోయి గడియైనంక గూడ ఆ పిల్ల ఒళ్ళు కాలుతనే ఉండె. నీళ్ళు పోద్దామంటె దవడ తెరుసుకోలె. కట్టె! కడిగింది నేను. నాకెర్క.”

గోపమ్మ కాన్పులో పోయిందనే మారయ్య ఇన్నాళ్ళూ అనుకున్నాడు. సైదులు పొద్దున చెప్పబోయిన మాట అదే.

“గోపమ్మ సంగతి పాటలో లేదే?” అన్నాడు సోమయాజులు, దశరథం వైపు తిరిగి.

“ఆడిపిల్ల గదా సారూ. ఇచ్చి పంపినంక పాటల ఎందుకుంటది? మగోళ్ళనే పాడుతం.”

“మరి నువ్వు ఇంతసేపూ ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు నన్ను అడిగిన్రా? కొడుకు కావాల్నా అని అడిగిన్రు. కావాలన్న.”

నాలుగు కావస్తోంది. సైదులు మూలుగు సన్నబడింది. అది మంచి లక్షణం కాదని సోమయాజులుకు తెలుసు. చదువుకున్న మనిషి, సర్జరీలో పతకం తెచ్చుకున్న మనిషి, తొందరలో తనేం అంటున్నాడో తనకే తెలియకుండా అనేశాడు.

“అమ్మా, ఇప్పుడు వీడు సల్లకుండల వాడు కాదు కదా! దత్తత జరిగింది. నేను కళ్ళారా చూశాను. కట్టెకోల వారికి మత్తు పడుతుంది!”

ఏసోబు డాక్టరు వైపు వింతగా చూశాడు. ఈదమ్మ మాత్రం తొణకలేదు.

“గోపమ్మకు పెండ్లయింది. ఇంటిపేరు మారింది. మారి నాలుగేండ్లయింది. గామె ఎట్ల సచ్చింది సారూ? వీడి ఇంటిపేరు మారి నాలుగు గడియలు గూడ గాలె.”

దశరథం తంబూర మీద చెయ్యి పెట్టి, మోగకుండా పట్టుకున్నాడు.

సోమయాజులు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. మూడు దవాఖానలు, ముగ్గురు డాక్టర్లు. అదే వేడి, అదే బిగుసుకుపోవడం. ఇంటిపేరు మారినా మారనిది ఒక్కటే, నెత్తురు. ఈథర్ సీసా ఆయన చేతికి రెండడుగుల దూరంలో ఉంది. వేలిముద్ర మారయ్యది పడి ఉంటే ఈపాటికి సగం ఖాళీ అయి ఉండేది.

“ఇరవై ఏండ్లు ఒక్కదాన్నే బతికిన,” అంది ఈదమ్మ. “పగటీలి కొడుకొచ్చిండు. పొద్దుగూకేవరకు పీనుగను తోల్కపొమ్మంటవా?”

యాదలక్ష్మి వచ్చి ఆమె పక్కన నిలబడింది. “అత్త మాటనే నా మాట.”

సోమయాజులు లేచాడు. “ఏసోబూ! ఈథర్ బయట పారబొయ్యి. ఈ గదిలో వాసన కూడా ఉండకూడదు. కిటికీలు తెరువు. బీరువాలో వెన్నుసూది మందు ఉంటుంది, పట్రా. ఆ కాగితం మళ్ళీ రాయి.”

కొత్త కాగితం మీద ఈదమ్మ ముద్ర పడింది. మొదటి పోటు ఎముకకు తగిలింది. రెండోదీ తగిలింది. మూడోసారి సోమయాజులు మొక్కని దేవుడు లేడు. సూది దిగింది. నాలుగు ఇరవైకి సైదులు కాళ్ళు మొద్దుబారాయి. నాలుగున్నరకు కత్తి దిగింది. నాలుగు ముప్పై ఐదుకు, డాక్టరు భయపడ్డంత పనీ అయింది.

“సారూ, పేగు నల్లగున్నదా ఎర్రగున్నదా?” అన్నాడు సైదులు.

“మాట్లాడకు.”

“నల్లగుంటె కోసి పారెయ్యాలె సారూ. మేకలను కోస్తం గద, నాకెర్క. జర ఏడి నీళ్ళల్ల తడిపిన గుడ్డ ఎయ్యుండ్రి. రంగు తిరుగుతది.”

సోమయాజులు సరిగ్గా అదే చెయ్యబోతున్నాడు. అందుకే ఆయనకు ఇంకా ఒళ్ళు మండింది. వేడి గుడ్డ వేశాడు. ఐదు నిమిషాలు ఆగి గుడ్డ ఎత్తాడు.

“రంగు తిరిగింది సార్,” అన్నాడు ఏసోబు.

“నేను చెప్పలే?” అన్నాడు సైదులు.

ఆపరేషన్ ముగిసేసరికి అతని ఒళ్ళు చల్లగా ఉంది. ఈదమ్మ లోపలికి వచ్చి, మంచి చెయ్యి అతని నుదుటి మీద పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

పదో రోజు మారయ్య బండి కట్టుకొని వచ్చాడు, తమ్ముణ్ణి తీసుకుపోదామని. ఈదమ్మ అప్పటికే సైదులునూ యాదలక్ష్మినీ బస్సెక్కించి తిరుమలగిరికి తీసుకుపోయింది. ఇచ్చినది తిరిగి అడగడం ఏ పాటలోనూ లేదని దశరథం చెప్పాడు.

మరుసటి ఏడు కోతలయ్యాక, మారయ్యకే గజ్జల్లో గడ్డ లేచింది. ఈసారి అతను దవాఖానకు పోలేదు. కొత్త చీరా, బెల్లం అచ్చూ పట్టుకొని నేరుగా తిరుమలగిరికి పోయి ఈదమ్మ వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“నన్ను గూడ పెంచుకో అవ్వా.”

“నీకు తలంత నెరిసింది గదరా,” అంది ఈదమ్మ. “పెంచుకోను. తోడొస్త. గా జాలీ కాగితానికి ముద్ర వెయ్యనియ్యకుండ కూసుంట. కని ముందుగాల దశరథాన్ని పిలువు.”

“దశరథం ఎందుకు?”

“గోపమ్మ పేరు పాటల కలిపితెనే వస్త.”

ఆ మరునాడు నల్లగొండ దవాఖాన వరండాలో దశరథం పాట ఎత్తుకున్నాడు. ఎల్లయ్య పులిని చంపాడు, కరువొచ్చింది, ఎడ్లు పోయి దొరికాయి. ఏడో తరం దగ్గర అతని గొంతు కొంచెం తడబడింది. గోపమ్మ చరణం అతనికీ కొత్త. లోపల సోమయాజులు సూది ఉడకబెట్టమని ఏసోబుకు చెప్పి, ఖాళీ పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో మొదటి పేరు గోపమ్మ అని రాశాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి కేకేశాడు.

“దశరథం! ఆ ఎల్లయ్యకు అక్కచెల్లెళ్ళు ఎంతమంది?”

తంబూర ఆగిపోయింది.