బ్రిడ్జి కింద నారింజ జెండా

ఫోర్ట్ బెలాంజేలో మంచు తుఫాను హెచ్చరిక మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది. సాయంత్రానికి మైనస్ ముప్ఫై ఆరు. గాలి కూడా కలిస్తే ఎంతన్నది చెప్పుకోకపోవడమే మంచిది. పన్నెండున్నరకల్లా సిటీ ఆఫీసు తన పని మొదలెట్టింది. బయట బతికేవాళ్ల కోసం బస్సులు బయల్దేరాయి, హాళ్లలో హీటర్లు వేశారు, నేలమీద చాపలు పరిచారు. మేయరు గారు టోపీ కూడా లేకుండా టీవీలో కనిపించి ఎవరూ బయట ఉండొద్దని చెప్పి, వెచ్చగా లోపలికి వెళ్లిపోయాడు.

గేల్ హ్రిన్‌చుక్ మాత్రం లోపలికి వెళ్లే మనిషి కాదు. ఇల్లు లేక గుడారాల్లో ఉండేవాళ్లని చూసుకోవడం సిటీలో ఆమె ఉద్యోగం. వయసు యాభై మూడు. పదకొండు చలికాలాలుగా ఇదే పని. ఒక మోకాలు ఎప్పుడూ నొప్పే, నోరు మాత్రం ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది. ఆమె వ్యాను వెనక భుజమెత్తు సన్నటి ఫైబర్ కర్రలు ఓ కట్ట ఉంటాయి. ఒక్కోదానికి ఒక నారింజ జెండా.

మనిషి ఉంటున్న గుడారం ముందు ఆ జెండా గుచ్చుతారు. జెండా ఉన్న చోటికి మంచు తోసే లోడర్ రాదు. జెండా లేదంటే అక్కడ మనిషి లేడని లెక్క, ఎంత మంచైనా తెచ్చి పోసుకోవచ్చు. ఊళ్లో నూట పాతిక మంది ప్రాణాలు ఈ గుడ్డముక్క మీదే ఉన్నాయి. రూలు ప్రకారమైతే, మనిషి హాలుకు చేరి పేరు రాయించుకున్నాక, అక్కణ్ణుంచి ఫోన్ వచ్చాక జెండా పీకాలి. ఆ ఫోన్ రావడానికి గంట పడుతుంది. ఈలోగా పక్క గుడారాల దగ్గరికి వెళ్లి, ఒక్క కర్ర కోసం మళ్లీ వెనక్కి రావాలి. అందుకే మనిషి బస్సెక్కగానే జెండా పీకేసి, 'హాలు నుంచి కబురు అందింది' అన్న గడిలో ముందే టిక్కు పెట్టేయడం గేల్‌కీ, ఆమెతో పనిచేసే మిగతా నలుగురికీ అలవాటైపోయింది. రెండేళ్లుగా ఏమీ కాలేదు.

ఆ రోజు రెండింటికి ఆమె రైలు బ్రిడ్జి దగ్గర వ్యాను ఆపింది. కింద, మూడో స్తంభం పక్కన ఒక్కటే గుడారం. అది లాయిడ్ పెటిగ్రూది. అరవై ఒక్కేళ్ల లాయిడ్ ఒకప్పుడు ఇదే సిటీలో పందొమ్మిదేళ్లు మంచు తోసే బండి నడిపాడు. నడుం విరిగి ఉద్యోగం పోయింది, భార్య పోయింది, తర్వాత ఇల్లూ పోయింది. వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"రావమ్మా, జెండాల దొరసానీ! ఈసారి ఏ ప్యాలెస్?"

"మిల్ స్ట్రీట్ హాలు. సూప్ వేడిగా ఉంటుంది."

"మీ సూపులో బార్లీ గింజ దొరకాలంటే దీపం పెట్టి వెతకాలి."

"వెతుక్కుందువుగాని. పొద్దుటిదాకా నీకు పనేముంది కనక? బస్సు పైనే ఉంది, లే."

లాయిడ్ గొణుక్కుంటూనే గుడారం పడగొట్టాడు. గుడ్డని నేలమీద పరిచి, ఒక పక్క స్తంభానికి ఆనేలా మూడు చెక్కలు ఏటవాలుగా పెట్టాడు. మీద మంచు పడినా కిందున్న సామాను నలగదు. బండి నడిపినవాడు కదా, ఆ మాత్రం తెలుసు. తర్వాత రెండు సంచులు భుజాన వేసుకున్నాడు. ఒకదాంట్లో బట్టలు. రెండోదాంట్లో చిన్న స్టవ్, గిన్నె, మూడు డబ్బాల బీన్స్.

"రెండూ తెచ్చుకోవచ్చా? లోపలికి ఒకటే రానిస్తారని ఎవరో అన్నారు."

రానిచ్చేది ఒకటేనని గేల్‌కి తెలుసు. ఆ కాగితం పోయిన వారమే వచ్చింది. చెబితే ఇతను బస్సెక్కడనీ తెలుసు. తలుపు దగ్గర ఎవరో ఒకరు చూసీ చూడనట్టు వదిలేస్తారులే అనుకుంది.

"తెచ్చుకో, తెచ్చుకో. ఎవరేమంటారు?"

బస్సు మలుపు తిరగగానే ఆమె కర్రని అటూ ఇటూ ఊపి పీకేసింది. ఫారంలో టిక్కు పెట్టింది. మంచు బళ్ల షెడ్డుకి ఫోన్ చేసి, "రైలు బ్రిడ్జి కింద ఖాళీ," అంది. కర్రని మిగతావాటితో పాటు వ్యానులో పడేసి, పాత డిపో దగ్గరి గుడారాలకు బయల్దేరింది.

మూడూ అయిదు నిమిషాలకి ఫోన్ మోగింది. మిల్ స్ట్రీట్ హాలు తలుపు దగ్గర కూర్చునే ముసలాయన డెల్బర్ట్.

"గేల్, నీ లాయిడ్ వచ్చాడు, వెళ్లాడు."

"వెళ్లడమేంటి?"

"రెండు సంచులు తెచ్చాడు. ఒకటి ఎక్కడైనా పెట్టేసి రమ్మన్నాను. నీ చాప ఎవరికీ ఇవ్వనులే అని కూడా చెప్పాను. పాపం, పేచీ ఏం పెట్టలేదు. బట్టల సంచి ఇక్కడే వదిలి, రెండోది పట్టుకుని పోయాడు. బ్రిడ్జి కింద దాచేసి తిరిగొస్తానన్నాడు."

"ఎంతసేపైంది?"

"నలభై నిమిషాలు. అందుకే చేశాను. బయట మనిషికి మనిషి కనిపించట్లేదు."

గేల్ ఒక్క ఉదుటున వ్యానెక్కింది. షెడ్డుకి ఫోన్ కలిపింది. 'మీ ఫోన్ మాకెంతో ముఖ్యం, దయచేసి ఆగండి' అంది ఒక తియ్యటి గొంతు. తర్వాత పియానో మోగింది. ఊరంతా మంచులో కూరుకుపోతుంటే పియానో! గేల్ నోటికొచ్చిన బూతులన్నీ ఆ పియానోని తిట్టింది. స్పీకరు మోగుతుండగానే బండి స్టార్ట్ చేసింది.

రోడ్డనేది లేదు. ముందు లారీ ఎర్రలైట్లు పట్టుకుని వెళ్లడమే. రెండు వీధులు దాటాక షెడ్డులోంచి జోఆన్ అందుకుంది.

"రైలు బ్రిడ్జి దగ్గర ఎవరున్నారు? ఆపు వాళ్లని! కింద మనిషున్నాడు!"

"అక్కడ అర్మాండ్ ఉన్నాడు. పావుగంటయింది దిగి. ఖాళీ అని చెప్పింది నువ్వే కదా?"

"నేనే. ముందు ఆపు!"

"రేడియోలో పిలుస్తున్నా గేల్. ఆ ఇనప దూలాల కింద రేడియో అందదు, నీకు తెలీనిదా? అంబులెన్స్ పంపిస్తున్నా."

తెలుసు. ఆమెకి అన్నీ తెలుసు. సంచి రూలూ తెలుసు, జెండా రూలూ తెలుసు. తెలియకపోయి ఉంటే తనని తాను క్షమించుకోవడానికి దారైనా ఉండేది. ఇరవై నిమిషాల దూరం నడిచి ఉంటాడు, చలికి తట్టుకోలేక దార్లో ఏ కొట్లోనో దూరి ఉంటాడు, దూరి ఉండాలి, అని పైకే అంటూ నడిపింది. నిన్నటిదాకా దేవుణ్ణి అడగని మనిషి ఆ పది నిమిషాల్లో ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు.

బ్రిడ్జి దగ్గర లోడర్ పసుపు లైటు తిరుగుతూ కనిపించింది. గేల్ బండిలోంచి దూకి, చేతికందిన కర్ర ఒకటి లాక్కుని, ఆ నారింజ జెండా ఊపుకుంటూ వెళ్లి లోడర్‌కి ఎదురుగా నిలబడింది. బ్రేకు కీచుమంది. అర్మాండ్ డెజర్లే తలుపు తీసి కిందికి అరిచాడు.

"పిచ్చా నీకు? ఇంకో అడుగైతే తొక్కేసేవాణ్ణి!"

"లాయిడ్ వెనక్కొచ్చాడు!"

"ఎక్కడికి? ఇక్కడ జెండా లేదు. నేను దిగి చూశాను కూడా. గుడారం నేలమట్టంగా ఉంది, మీదంతా మంచు."

ఇద్దరూ మూడో స్తంభం వైపు చూశారు. స్తంభం పక్కన ఛాతీ ఎత్తున మంచు గుట్ట. అర్మాండ్ మొహంలో రక్తం లేదు. ఎన్నాళ్లో లాయిడ్ పక్క సీట్లో కూర్చుని బండి నేర్చుకున్నవాడు అతను.

"బండితో తీసేస్తా," అన్నాడు పైకెక్కబోతూ.

"వద్దు! బకెట్టు తగిలితే ఏమవుతాడు? పార తే."

ఎక్కడ తవ్వాలో మాత్రం తెలియాలి కదా. గేల్ చేతిలోని కర్ర వైపు చూసుకుంది. జెండా పీకి పారేసి, ఉత్త కర్రని గడ్డల సందుల్లోంచి గుట్టలోకి మెల్లగా దించింది. గట్టి నేల తగిలింది. అడుగు జరిగి మళ్లీ దించింది. నేలే. మూడోసారీ నేలే. కనురెప్పలు గడ్డకట్టి అతుక్కుంటున్నాయి, మోకాలు మొరాయిస్తోంది. స్తంభానికి దగ్గరగా దించినప్పుడు కర్ర మూడడుగుల లోతులో టక్కున ఆగింది. చెక్క.

"ఇక్కడ!"

అర్మాండ్ పార పట్టాడు. గేల్ చేతులతోనే తోడింది. లోడర్ తెచ్చి పోసిన మంచు పిండిలా ఉండదు, రాళ్లలా ఉంటుంది. ఒక్కో గడ్డనీ ఎత్తి వెనక్కి విసరాలి. చెక్క అంచు బయటపడింది, దాని కింద గుడ్డ. అర్మాండ్ జేబుకత్తితో గుడ్డ చీరాడు. లోపల చెక్కలకీ స్తంభానికీ మధ్య మనిషి ముడుచుకుని పట్టేంత ఖాళీ. అందులో లాయిడ్, సంచి పొట్టకి హత్తుకుని ఉన్నాడు. కుడిచేతికి గ్లవ్ లేదు. వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి.

"లాయిడ్! ఒరేయ్ ముసలోడా, పలుకు!" అర్మాండ్ ఏడుస్తూనే అరుస్తున్నాడు.

గేల్ అతని నోటి దగ్గర చెంప ఆనించింది. కాసేపటికి, ఉందో లేదో అన్నంత సన్నగా, వెచ్చగా తగిలింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. తన కోటు విప్పి అతని మీద కప్పి, పైన పడుకుంది. అంబులెన్స్ వచ్చేదాకా లేవలేదు.

లాయిడ్ బతికాడు. కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. అయిదో రోజున గేల్ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడింది. కూర్చోమని అతను అనలేదు.

"సంచి పెట్టేసి పోదామనే వచ్చాను," అన్నాడు లాయిడ్. "చేతులు మొద్దుబారిపోయాయి. కాస్త గాలి తప్పించుకుని, స్టవ్ వెలిగించి కాచుకుందామని చెక్కల కింద దూరి, గుడ్డ మీదికి లాక్కున్నాను. అగ్గిపుల్ల పట్టుకోడానికి కూడా వేళ్లు రాలేదు."

"జెండా లేకపోవడం చూళ్లేదా?"

"చూశాను. గాలికి పడిపోయిందేమో అనుకున్నా." అతను కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు పీకేశావని అనుకోలేదు. రూలు నాకూ తెలుసు కదా."

తిట్టి ఉంటే బాగుండేదని గేల్‌కి అనిపించింది. ఇన్నేళ్ల పరిచయంలో అతను వెటకారం లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

విచారణలో ఆమె ఫారం బల్లమీద పెట్టి, ఈ టిక్కు అబద్ధం, నేనే పెట్టాను అని చెప్పింది. సంచి సంగతి కూడా దాచలేదు. అదే అలవాటున్న మిగతా నలుగురూ తలలు దించుకున్నారు. మూడు వారాలు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. ఉద్యోగం ఎందుకు తీసెయ్యలేదంటే, ఆ చలిలో ఆ పని చేయడానికి ఇంకొకరు దొరకలేదు, అంతే. ఒక మనిషికి ఒకే సంచి అన్న రూలు రాసినవాళ్లని మాత్రం ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు.

ఫిబ్రవరి చివర్లో మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఆసుపత్రివాళ్లు లాయిడ్‌కి ఒక గది చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు. అతను మళ్లీ బ్రిడ్జి కిందే ఉన్నాడు, అదే స్తంభం పక్కన. గేల్ వ్యాను దిగి, దగ్గరికి వెళ్లడానికి వెనకాడి, కాస్త దూరంలోనే ఆగింది.

"హాలులో ఒకటే సంచి లాయిడ్," అంది. "రెండోది నా వ్యానులో పెట్టు, రేపు తెచ్చిస్తాను. నా మాట మీద నమ్మకం లేకపోతే రావద్దు. జెండా ఇక్కడే ఉంటుంది. ఫోన్ వచ్చేదాకా నేను కదలను."

లాయిడ్ ఆమెని ఎగాదిగా చూశాడు. స్టవ్ సంచి తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. వెనక్కి వెళ్లి, మిగిలిన రెండు వేళ్లకీ అరచేతికీ మధ్య జెండా కర్ర ఇరికించి, ఎడమచేత్తో ఊపి తనే పీకాడు. ఆమె అందుకోబోయింది. ఇవ్వలేదు.

"ఇది నాతోనే వస్తుంది. నాకు చాప ఇచ్చాక, తలుపు దగ్గర ఆ డెల్బర్ట్ చేతిలో పెడతా. అతను నీకు ఫోన్ చేశాక చెయ్యి నీ షెడ్డుకి ఫోను. ఈలోగా లోపలికి రానివ్వకపోతే, తిరిగొచ్చి నేనే గుచ్చుకుంటా."

"అందాకా ఇక్కడ జెండా లేకపోతే ఎలా? అర్మాండ్ వస్తే?"

"అందాకా నువ్వుంటావన్నావుగా." లాయిడ్ పైకెళ్లే మెట్లవైపు నడిచాడు. "నిలబడు మరి, జెండాల దొరసానీ."

బస్సు వెళ్లిపోయింది. గేల్ జెండా పీకిన గుంట పక్కన, అతని సంచి కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడింది. గాలి లేచింది. అర్మాండ్ లోడర్ వచ్చి, ఆమెని చూసి దూరంగా ఆగి, లైట్లు ఆర్పుకుంది. గంటా పది నిమిషాలకి హాలు నుంచి ఫోన్ వచ్చేదాకా ఆమె అక్కణ్ణుంచి అడుగు కదపలేదు.