తెప్ప చెక్క పీట

నాకు ఓపిక తక్కువని డిపోలో అందరికీ తెలుసు. పలాస నుంచి ఉద్దానం తీరం దాకా తిరిగే బస్సులో కండక్టర్ని. ఏ స్టాపులోనైనా నిమిషం దాటితే నా నోరు ఊరుకోదు. అలాంటి నన్ను వారానికి మూడు రోజులు అప్పలమ్మ పిన్ని ఐదేసి నిమిషాలు ఆపేది.

ఆవిడది సముద్రం ఒడ్డున ఆఖరి ఊరు. కిడ్నీలు పాడై పలాసలో డయాలసిస్ చేయించుకుంటోంది. మా బస్సు మొదటి మెట్టు మోకాలి కంటే ఎత్తు. పైగా ఆ స్టాపులో రోడ్డు పక్క ఇసుక జారిపోయి ఇంకో జానెడు పల్లం. సూది గుచ్చే ఎడమ చెయ్యి పట్టుకుని లాగకూడదు. కుడి చేత్తో కమ్మీ పట్టుకుని ఆవిడ అవస్థ పడుతుంటే భర్త పోలయ్య వెనకనుంచి నెట్టేవాడు. చీర మోకాళ్ళ దాకా పోయేది. బస్సంతా చూసేది.

ఒక శనివారం విసుగొచ్చి, "ఎక్కుతావా, ఎల్లిపోమంటావా?" అని కసిరాను. ఆ మంగళవారం ఆవిడ స్టాపులో కనపడలేదు. అబద్ధమెందుకు, హమ్మయ్య అనుకున్నాను. గురువారం కూడా రాకపోయేసరికి గుండెల్లో రాయి పడింది. డయాలసిస్ తప్పితే ఏమవుతుందో ఉద్దానంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

పోలయ్య ఒక్కడే రోడ్డు పక్కన వల బాగుచేసుకుంటున్నాడు. బస్సు దిగి అడిగాను. ఇంతమందిలో ఆ ఎక్కడం తనవల్ల కాదని మంచం పట్టిందట. నేను కసిరిన మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది. మెట్టు కింద వేసేందుకు ఎత్తుపాటి పీట ఒకటి చేసి తెమ్మన్నాను. బస్సులోనే ఉంచుతానని, వేసేదీ తీసేదీ నేనేనని చెప్పాను.

శనివారం ఇద్దరూ వచ్చారు. పిన్ని ముఖం ఉబ్బిపోయి ఉంది. పోలయ్య పీట వేశాడు. ఆవిడ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఫైబర్ బోటు వచ్చాక పెరట్లో పడున్న, తను వేటకెళ్ళిన పాత తెప్ప కోసి చేశాడు ఆ మహానుభావుడు. వాళ్ళ ఊళ్ళో తెప్పంటే గంగమ్మే. ఆడవాళ్ళు దానిమీద కాలు పెట్టరు.

"నావల్ల కాదు. నువ్వెల్లిపో తల్లీ, నీకు లేటవుతాది" అంది నాతో.

నేను రైట్ చెప్పలేదు. డ్రైవర్ తిరుమలరావు నాకేసి చూసి ఇంజను ఆపేశాడు. పోలయ్య పీట పక్కన గొంతుక్కూర్చుని, అది కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

"ముప్పయ్యేళ్ళు దీనిమీద కాలెట్టే గదే నేను ఒడ్డుకి సేరినాను. సెక్క కోసినప్పుడు గంగమ్మనడిగినాను, ఈపాలి నిన్ను సేర్సమని."

పిన్ని చెప్పులు విడిచి, పీటను తాకి కళ్ళకద్దుకుని, ఒక్కొక్క కాలే పెట్టి ఎక్కింది. ఎవరూ నెట్టలేదు. నాకు కళ్ళు మసకబారి టికెట్ మిషన్ మీద అంకెలు కనపడలేదు.

పీటను బస్సులో కింద పెట్టనివ్వలేదు. పలాస దాకా ఒళ్ళోనే పెట్టుకుంది. దిగేటప్పుడు నేను వేశాను. నాకు తెలియకుండానే నేనూ కళ్ళకద్దుకునే వేశాను. ఆరోజు కసిరినందుకు ఏమీ అనుకోవద్దని అప్పుడు అడిగాను.

"మంగళారం కూడా నువ్వే వత్తావా, తల్లీ?" అంది.

మంగళవారం టెక్కలిలో మా ఆడపడుచు గృహప్రవేశం. నెల ముందే సెలవు మంజూరైంది.

"వత్తాను పిన్నీ" అన్నాను.